బంగారు మృగానికి కొమ్ములు మొలిచిన వైనం

ఫ్లెక్సులు గోడల్ని ఇంకా పూర్తిగా మింగేయని రోజులవి. రాయ్‌పూర్‌లో దుకాణం బోర్డు నుంచి దేవుడి కథ దాకా అన్నీ కుంచెతోనే వేసేవారు. ఇంటర్ అయిన వేసవిలో, గుఢియారీలోని పెయింటర్ గురూజీ దగ్గర పని నేర్చుకుంటానని మొండికేశాను. నర్సుగా చేసే మా అమ్మ (నర్సాపురం మనిషి, మాటంటే మాటే) "ఒక్క గోడ వెయ్యి. బాగుందన్నారా, నీ రంగులు నీవి. లేదంటే నోరు మూసుకుని నర్సింగు ఫారం నింపుతావ్" అని తేల్చేసింది.

ఆ గోడ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల పండగ పందిరి వెనకాలది. గురూజీ "కుటీరం, ముందు రాణి, ఎదురుగా సోనే కా మృగ్. రాణి దాన్ని చూసి ముచ్చటపడాలి, బస్" అని చెప్పి మందిర్ హసౌద్‌లో వేరే పనికి పోయారు. లేడిని మాకు బళ్లో హిరన్ అనే నేర్పారు. మృగం అంటారా, అన్నం మీద ఎగబడే తమ్ముణ్ని అమ్మ తిట్టే తిట్టు, అంటే నా లెక్కలో క్రూరజంతువే! పైగా మాది చర్చి ఇల్లు, పురాణాలు తెలియవు. సింహాల గుహలో పడేసినా భక్తుడికి గోరంత గాయం కాలేదని ఆదివారం బళ్లో విన్నదాన్ని, రాణిగారు పులిని చూసి ముచ్చటపడితే నాకేం వింత? రెండు రోజులు చెమటోడ్చి, కోరలతో సహా బంగారు పులిని వేశాను.

మూడో రోజు పొద్దున్నే పందిరికి పెద్ద, రైల్వేలో గార్డుగా చేసే మావయ్యగారు వచ్చారు. "ఓలమ్మో! ఇదేటే పిల్లా, ఆ తల్లిని మింగీడానికొచ్చినట్టుంది!" అన్నారు. ఏడుపు తన్నుకొచ్చింది. ఇక నర్సింగు ఫారమే అనుకున్నాను. ఈలోగా గురూజీ వచ్చి, చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. "అరే బిటియా, మృగ్ మానే హిరన్!" ఒక్క తిట్టు తిట్టలేదు. నిచ్చెనెక్కి కోరలు చెరిపి, మూతి సన్నం చేసి, కొమ్ములు పెట్టారు. చారల్ని చుక్కలు చెయ్యమని కుంచె నాకిచ్చారు. కళ్ల దాకా వెళ్లేలోపే జనం వచ్చేశారు, వాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

పులి కళ్లున్న లేడి! తల దించుకుని నిలబడ్డాను. గార్డు మావయ్యగారు గోడ దగ్గరకొచ్చి చూశారు. "ఏటి కళ్లమ్మా అవి! ఒళ్లు లేడిది, చూపు రాకాసోడిది. మాయలేడంటే ఇదీ!" అని నా తల నిమిరారు. ఆ లేడి నిజానికి వేషం వేసుకొచ్చిన రాక్షసుడని నాకు తెలిసింది అప్పుడే. అమ్మ మాత్రం ఏమాత్రం తొణక్కుండా "మా పిల్ల అన్నీ ఆలోచించే వేసిందండీ" అంది.

ఇప్పుడు దేవేంద్ర నగర్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. ఆ కథలన్నీ చదివాను, మృగానికి ఎన్ని అర్థాలున్నాయో కూడా తెలుసు. అందుకేనేమో, లేడిని ఎన్నిసార్లు వేసినా అచ్చం లేడిలాగే వస్తోంది. ఆ కళ్లు వెయ్యడం, ఏమీ తెలియని ఆ పిల్లకే చేతనైంది.