మా బావ చెప్పిన ఒకే ఒక్క అబద్ధం

మా అక్క మొగుడు లిఫ్టుల మెకానిక్. నేనుండేది వాళ్ళింట్లోనే. "మనుషుల్ని పైకి పంపించడమే నీ ఉద్యోగం కదా బావా" అని నేను ఏడిపిస్తే, "కిందికి దించేది కూడా నేనేగా, ఆ పుణ్యం ఎక్కడికి పోతుంది?" అంటాడు. మనిషి మహా నిదానం. ఆయన ఒక అరటిపండు తినేలోపు మా అక్క ఇల్లంతా ఊడ్చి, ఇంకా తినడం కాలేదా అని ఒక దెబ్బలాట కూడా ముగించుకుని వస్తుంది. నాకు ఆయనంటే చచ్చేంత ఇష్టం. ముఖాన చెబితే నెత్తికెక్కుతాడని చెప్పను.

ఇంత నిదానస్తుడికీ ఒక పిచ్చి ఉంది. వీడియో గేముల కంపెనీలు కొత్త ఆట అమ్మే ముందు పోస్టర్లలోనూ ట్రైలర్లలోనూ ఏవేవో చిక్కుముళ్ళు దాచిపెడతాయి. గోడమీది గీతల్లో ఒక మాట ఉంటుంది, కిటికీల్లో వెలిగే దీపాల్లో ఒక అంకె ఉంటుంది. వాటిని విప్పడానికి ఇంటర్నెట్లో పెద్ద పెద్ద గుంపులున్నాయి. అలాంటి ఒక గుంపులో మా బావ పాతకాపు. తమాషా ఏమిటంటే, ఆయన ఆటలు ఆడడు. ఆడితే కళ్ళు తిరుగుతాయట.

ఆ గుంపులో అందరూ "దొరికింది, దొరికింది" అని ఎగిరేవాళ్ళే. దొరికిందన్న ప్రతిదాన్నీ వెళ్ళి చూసి, "చూసొచ్చాను, ఇక్కడేమీ లేదు" అని రాయడం మా బావ పని. ట్రైలర్ చప్పుడులో మాటలున్నాయని ఎవరైనా అంటే చెవులు చిల్లులు పడేదాకా తిప్పి తిప్పి వినేది ఆయనే. "లిఫ్టు ఎక్కడాగిందో తెలియాలంటే ప్రతి అంతస్తూ ఎక్కి చూడాలి. లేదు అనడానికైనా చూసే అనాలి" అంటాడు. కొత్తగా చేరినవాళ్ళు పొరపడితే వెక్కిరించడు. "మంచిచోటే వెతికావు, అక్కడ లేదని తేల్చావు, అదీ పనే" అని రాస్తాడు. అందుకే అక్కడ అందరికీ ఆయన బాబాయ్. బాబాయ్ లేదంటే లేదన్నమాటే. ఆ ఒక్క పేరే ఆయన ఆస్తి.

కిందటేడు ఒక కొత్త ఆట పోస్టరు వచ్చింది. సాయంకాలపు వీధి, అందులో నీలం తలుపున్న మేడ, పైన మూడు కిటికీలు, ఒకదాంట్లో దీపం. ఆట కథేమిటంటే, మంచంపట్టిన ఒక కాపలాదారు దగ్గర తాళంచెవి ఉంటుందట, అతన్ని వెతికి పట్టుకోవాలట. గుంపులో ఒక బేకరీ అతను ఉన్నాడు. మా ఊరివాడే, బావకు ప్రాణస్నేహితుడు. రొట్టెలు ఇచ్చి వస్తుంటే అచ్చం అలాంటి ఇల్లే కనబడిందని ఫోటో తీసి పెట్టాడు. తలుపూ కిటికీలూ అన్నీ సరిపోయాయి. ఇంకేముంది, తేనెతుట్టె కదిలినట్టయింది.

ఆ ఇల్లు నేను పనిచేసే మందుల షాపు వెనక వీధిలో ఉంది. ఆ ఇంటి పెద్దావిడ మా దగ్గరే మందులు కొంటుంది. ఒకరోజు నొప్పిమాత్రలు తీసుకుని, కౌంటరు మీద చేతులు ఆనించి అలాగే నిలబడిపోయింది. ఏమిటమ్మా అని అడిగాను.

"ఎవరెవరో వచ్చి బెల్లు కొడుతున్నారమ్మా, తాళంచెవి ఇమ్మంటున్నారు. మా ఆయనకి తుంటి ఆపరేషనయింది. ఆయన జీవితమంతా హోటల్ రిసెప్షన్లో పనిచేసిన మనిషి. బెల్లు మోగితే ఆగలేరు, నేను వంటింట్లోంచి వచ్చేలోపే లేచిపోతారు. నిన్న పడబోయి గోడ పట్టుకున్నారు. ఒక్కసారి పడినా నడక మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు."

సాయంత్రం బావకి చెప్పాను. వెంటనే చెప్పులేసుకుని బయల్దేరాడు. ఆ మనిషి అంత గబగబా నడవడం నేనెన్నడూ చూడలేదు. బెల్లు కొట్టకుండా గేటు దగ్గరే నిలబడి, పెద్దావిడ బయటికి వచ్చేదాకా ఆగి, ఆవిడతో మాట్లాడి వచ్చాడు. ఇంటికొచ్చి గుంపులో రాశాడు: చూసొచ్చాను, అక్కడేమీ లేదు, జబ్బుమనిషి ఉన్న ఇల్లు, దయచేసి ఎవరూ వెళ్ళకండి అని.

జబ్బుమనిషి! వాళ్ళు వెతుకుతున్నదీ జబ్బుమనిషినే కదా. "బాబాయ్‌ని కంపెనీవాళ్ళు తమవైపు తిప్పుకున్నారు" అన్నారొకరు. "లేదని ఇంత గట్టిగా చెబుతున్నాడంటే ఉన్నట్టే" అన్నారింకొకరు. పెద్దావిడ గేటుకి "ఇక్కడ ఏ ఆటా లేదు" అని రాసి అట్ట కట్టింది. దాన్ని ఫోటోలు తీసి అక్షరాలు లెక్కపెట్టారు. బెల్లు వైరు పీకేసింది. బెల్లు మూగబోయిందంటే కథ ముందుకు కదిలిందని సంబరపడి, తలుపు బాదడం మొదలుపెట్టారు. బావ కంపెనీకి రాస్తే, ఆటకు సంబంధించి దేన్నీ అవుననీ కాదనీ చెప్పలేమని జవాబొచ్చింది. అది చదివి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

పోనీ వాళ్ళు చెడ్డవాళ్ళా అంటే కాదు. గుంపులో ఒకరి బిడ్డకి రక్తం కావాలంటే తెల్లారేసరికి ఆసుపత్రి ముందు వరస కట్టినవాళ్ళు. కానీ చిక్కుముడి చేతికందితే వాళ్ళకి పక్కనున్న మనిషి కనబడడు.

ఆ ఆదివారం పొద్దున్నే బావ పెయింటు డబ్బా తెచ్చి, మా వీధి తలుపుకి నీలం రంగు పూయడం మొదలుపెట్టాడు. మా అక్క గుమ్మంలో నడుమ్మీద చేతులేసుకుని నిలబడింది.

"తలుపుకి రంగెయ్యండి మహాప్రభో అని పెళ్ళయినప్పట్నించీ మొత్తుకుంటున్నాను. ఇవాళేం పూనిందండీ మీకు?"

"కొన్నాళ్ళు మనింటికి జనం వస్తారు. కాస్త ఓర్చుకో" అని, చేయబోయేది చెప్పాడు.

మా అక్క నోరు పెద్దదే కానీ, మనసు అంతకన్నా పెద్దది. తలుపుని ఎగాదిగా చూసింది. తర్వాత, "అయితే ఆ ద్వారబంధానికి కూడా వెయ్యండి. సగం సగం పనులు చేస్తే ఎవరు నమ్ముతారు?" అంది.

ఫోటో తీశాక ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా నిలబెట్టుకున్న మాట పోతుంది కదా బావా అన్నాను. "ఆయన ఎముక విరిగితే అతకదే. నా మాట విరిగితే కుంటేది నేనొక్కణ్ణేగా" అన్నాడు. అని, రాశాడు: ఇన్నాళ్ళూ దాచినందుకు క్షమించండి, మీరు వెతికే ఇల్లు ఇదే.

మా మేడకి రెండే కిటికీలు. మూడోది ఏదని ఒక్కరూ అడగలేదు. ఎప్పుడూ లేదనే మనిషి మొదటిసారి ఉందన్నాడు, వాళ్ళకి అంతే చాలు. తండోపతండాలుగా వచ్చారు. పూలకుండీలు ఎత్తి చూశారు, మురుగుకాలువ మూతని కొలిచారు. మా అక్క చీపురు తిరగేసి వెంటబడితే ఆ చీపురుకీ ఫోటోలు తీసుకున్నారు. వెనక వీధి మాత్రం నిమ్మళించింది. పెద్దావిడ షాపుకొచ్చి, "ఇప్పుడెవరూ రావడం లేదమ్మా, ఆయన హాయిగా పడుకుంటున్నారు" అంది.

నెల తిరిగేసరికి అసలు గుట్టు బయటపడింది. ఇల్లూ లేదు, తాళంచెవీ లేదు. వరసగా వచ్చిన పోస్టర్లలో దీపాలు వెలిగే కిటికీలని కలిపి చూస్తే ఒక అంకె వస్తుంది, అంతే. వేరే ఊళ్ళో ఎవరో పట్టుకున్నారు. ఇక అందరి కళ్ళూ మా తలుపు వైపు తిరిగాయి. తెలిసి తెలిసి తప్పుడు ఆచూకీ పెట్టినవాళ్ళని తీసేయాలని ఆ గుంపుకొక నియమం ఉంది. దాన్ని పెట్టించినవాళ్ళలో మా బావా ఒకడు.

బావని తీసేస్తున్నారన్న మాట ఫోన్లో చెప్పలేక బేకరీ అతను ఇంటికే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎందుకు చేశావు బాబాయ్? ఏదో ఒక కారణం చెప్పు, నేను మాట్లాడతాను."

"చేశాను. నియమం నియమమేరా" అన్నాడు బావ.

అతను కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చెబుతాను వాళ్ళకి అని లేచాను.

"వద్దు" అన్నాడు బావ. "నిజం తెలిస్తే అందరూ ఆయనకి క్షమాపణ చెప్పుకోవడానికి బయల్దేరతారు. పూలు పట్టుకుని, గుంపుగా. మంచివాళ్ళు కదా, రాకుండా ఉండలేరు. ఆయన ప్రతిసారీ లేచి తలుపు తీస్తాడు."

ఆ తర్వాత బావ ఇంట్లో పాడైన వస్తువులన్నీ బాగుచేశాడు. అవి అయిపోయాక బాగున్నవి కూడా విప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు అలవాటు కొద్దీ ఫోను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. మా అక్క ఆయన్ని తిట్టడం మానేసింది, అది ఇంకా భరించలేకపోయాను.

చలికాలం చివర్లో పెద్దావిడ షాపుకొచ్చింది. ఇక నొప్పిమాత్రలు అక్కర్లేదంది. ఆయన చేతికర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నారట. "బెల్లు మళ్ళీ పెట్టించమని ఒకటే పోరు, పెట్టించాను. కానీ ఎవరొస్తారమ్మా మా ఇంటికి? రోజూ వీధి తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు" అంది.

ఆ మాట బావకి చెప్పాను. ఆదివారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. ఆ గుమ్మం ముందు నిలబడి బెల్లు మీదికి చెయ్యి పోనివ్వలేక కాసేపు తటపటాయించి, చివరికి నొక్కాడు. లోపల కర్ర చప్పుడు మెల్లగా దగ్గరికొచ్చింది. పెద్దాయన తానే తలుపు తీసి, ముఖమంతా నవ్వుతో మా ఇద్దర్నీ దాటి వీధిలోకి చూశాడు.

"వచ్చారా! తాళంచెవి అడిగే మిగతావాళ్ళేరి?"

"ఇక రారండీ. నేనే వచ్చాను, మిమ్మల్ని చూద్దామని" అన్నాడు బావ.

"పోన్లెండి, మీరొచ్చారుగా. రండి, కూర్చోండి" అని పెద్దాయన పక్కకి జరిగి దారి ఇచ్చాడు.