కడిగేసిన నాచు

మా పెద్దమ్మకి కోపం వస్తే ముందు పెదవులు బిగుసుకునేవి, తరువాత పనిముట్ల పెట్టె తెరుచుకునేది. మోటార్లు బాగుచేసే షెడ్డులో బతుకంతా గడిపిన మనిషి. ఎవరూ నేర్పలేదు, విప్పి, చెడగొట్టి, మళ్ళీ బిగించి తనే నేర్చుకుంది. ఎవరైనా గొంతు పెంచితే, "నోటితో నట్టు బిగుస్తుందా?" అనేది.

ఆ ఏడు ఆమె కోపానికి కారణం వేలెడంత చేప.

పని మానేశాక ముందుగదిలో ఉప్పునీటి చేపల తొట్టి పెట్టుకుంది. దాంట్లోకని పెదనాన్న చెప్పాపెట్టకుండా ఒక చేపను కొనుక్కొచ్చాడు. నీలం ఒంటి మీద నారింజ గీతలు.

"ఏం తింటుందట?"

"ఏది వేసినా తింటుందట. కొట్టువాడే చెప్పాడు."

"ఏది వేసినా తినేది వాడు!"

వేసినదేదీ చేప ముట్టలేదు. అది రాళ్ళ మీద పాకే, కంటికి ఆనీ ఆనని ప్రాణుల్నే తింటుంది. తొట్టిలో ఉన్న కాసినీ అయిపోయాయి. చేప పొట్ట లోపలికి పోయింది. వెనక్కి తీసుకోనన్నాడు కొట్టువాడు. ఇక దాని మేతను ఇంట్లోనే పెంచాలి.

పెద్దమ్మ నేల మీద సుద్దముక్కతో నమూనా గీసింది. తొట్టి కింది అలమరాలో ఇంకో గాజుపెట్టె, మూడు అరలు. పైనుంచి పొర్లిన నీరు మొదటి అరలోని వడపోత గుడ్డలో మలినం వదిలి, నడిమి అర దాటి, చివరి అరలోని మోటారుతో మళ్ళీ పైకెక్కాలి. నడిమి అరలో ఇసుక, రాళ్ళముక్కలు, సముద్రపు నాచు, పైన దీపం. అక్కడికి చేప రాలేదు కాబట్టి ఆ ప్రాణులు నిశ్చింతగా పిల్లల్ని పెడతాయి. కొన్ని నీటితో పాటు పైకి పోయి చేపకి మేతవుతాయి. కరెంటు పోయినప్పుడు పైనుంచి జారే నీళ్ళ కోసం పెట్టెలో చోటు కూడా వదిలింది.

తీరా చూస్తే అలమరా మధ్యలో నిలువు కర్ర. పెట్టె లోపలికి పట్టదు.

"కర్ర కోసేద్దామా?" అన్నాడు పెదనాన్న.

"కోయండి. పైన తొట్టిని మీ నెత్తిన పెట్టుకుని నిలబడతారా?"

గాజు ముక్కల్ని విడివిడిగా లోపలికి దూర్చి, పక్కకి పడుకుని, చేతులు మాత్రం లోపల పెట్టి అతికించింది. తెలిసినవాళ్ళ తొట్టి నుంచి ఆ ప్రాణులతో సహా గుప్పెడు నాచు తెచ్చింది. కొన్నాళ్ళకి భూతద్దంలో చూస్తే గాజు మీద తెల్లటి చుక్కలు పరుగెత్తాయి. పైన చేప రాళ్ళను పొడిచి తినడం మొదలుపెట్టింది.

ఒకరోజు పెద్దమ్మ బయటికెళ్ళి వచ్చేసరికి నడిమి అర తళతళలాడుతోంది. భుజాన తువ్వాలుతో పెదనాన్న ఎదురొచ్చాడు.

"ఎంత మురికే! నాచు నిండా పురుగులు. అంతా కుళాయి కింద కడిగేశాను. రాళ్ళు, ఇసుక కూడా."

పెద్దమ్మ పెదవులు బిగుసుకున్నాయి.

"ఏవండీ, గిన్నె కడిగారు సరే. అందులో అన్నం ఏం చేశారు?"

"ఏ అన్నం?"

"ఆ పురుగులే."

పెదనాన్న కుర్చీలో కూలబడ్డాడు. "నీకు సాయం చేద్దామని..."

"అడిగారా? చేపని తెచ్చేటప్పుడు అడగలేదు, చంపేటప్పుడూ అడగలేదు!"

పనిముట్ల పెట్టె దభీమని తెరుచుకుంది. వడపోత గుడ్డ మాత్రం కంపు కొడుతోందని ఆయన ముట్టలేదు. పైనుంచి కొట్టుకొచ్చి అందులో చిక్కుకున్నవి ఉన్నాయేమోనని పెద్దమ్మ దాన్ని తొట్టి నీళ్ళలోనే మెల్లగా జాడించి, ఆ నీళ్ళ మీద భూతద్దం పెట్టింది. అక్కడొకటి, ఇక్కడొకటి చుక్క కదిలింది. వాటినే నడిమి అరలో వదిలింది. అలమరా తలుపు మూసి, స్క్రూలతో బిగించి, స్క్రూడ్రైవర్ తన దిండు కింద దాచుకుంది. పెదనాన్నతో మాటలు ఆపేసింది.

ఆయన తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చేప రాళ్ళ చుట్టూ ఊరికే తిరిగేది. పొట్ట ఇంకా లోపలికి పోయింది. పెద్దమ్మ ఆయనకి కాఫీ ఇస్తే కప్పు దడాలున బల్ల మీద పడేది.

చివరికి ఒక ఉదయం ఆయన అరిచాడు.

"ఏమే! పొడుస్తోంది! మళ్ళీ పొడుస్తోంది, రా!"

వంటింట్లోంచి పెద్దమ్మ కదల్లేదు.

"చూడండి. చేతులు వెనక్కి కట్టుకుని చూడండి."

పెదనాన్న చేతులు అప్పటికే వెనక్కి ఉన్నాయి.