బాబాయి తల

మా నాన్న సెలూన్ నడుపుతాడు. అచ్చు గుద్దినట్టు ఆయనలాగే ఉండే కవల తమ్ముడు ఒకడున్నాడు. ఆ బాబాయి వేరే ఊళ్లో గడియారాలు బాగుచేస్తాడు కాబట్టి, మా వీధిలో ఆయన సంగతి ఎవరికీ తెలియదు.

మొన్నామధ్య చుట్టపుచూపుగా వచ్చి నాన్న కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోక, "నీ చెయ్యి మొద్దుబారింది అన్నయ్యా" అన్నాడు. నాన్నకు అసలే ముక్కు మీద కోపం. బాబాయి తల వెనక మెట్లు మెట్లుగా కత్తిరించి వదిలాడు.

బాబాయి మాత్రం తక్కువ తిన్నాడా? మర్నాటి నుంచి వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్లందరినీ పలకరించి మరీ వెనక్కి తిరిగి తల చూపించేవాడు. "సొంత తలే ఇలా చేసుకున్నాడు, మన తల ఏం చేస్తాడో!" అంటూ జనం అటు నుంచి అటే పోయారు. మూడు రోజులు నాన్న ఈగలు తోలుకున్నాడు.

"నా పరువు తీస్తున్నావు కదరా!"

"నీ చేతి పనే కదా, నలుగురికీ చూపిస్తున్నా."

ఆ మెట్లు పోవాలంటే గుండు తప్ప దారి లేదు. నాన్న పళ్లు కొరుకుతూ గీశాడు. బాబాయి ఆ నున్నటి తలతో సాయంత్రం వీధంతా తిరిగొచ్చాడు.

తెల్లారి నాన్న వీధిలో నడిచి వెళ్లి సెలూన్ తెరిచేసరికి, వెనకాలే పదిమంది బట్టతలవాళ్లు. నాన్న ఒత్తయిన జుట్టును నోరెళ్లబెట్టి చూస్తున్నారు.

"నిన్న గుండు, ఇవాళ ఇంత జుట్టా! ఏం నూనె రాశావయ్యా?"

"రేపు రండి" అని నాన్న ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. బాబాయి సర్దుకుంటున్న సంచీ లాక్కున్నాడు.

"నా బంగారు తమ్ముడివి కదూ, ఇంకో నాలుగు రోజులుండరా. రేపు మళ్లీ గీస్తాను!"