సుంకన్న పెట్టిన మూడో వాకిలి

బెంగళూరు పక్క వర్తూరులో బేల్దారి మేస్త్రీ సుంకన్నను ఏ గోడ ముందు నిలబెట్టినా, అది ఎందుకు బీటలిచ్చిందో ఒక్క చూపులో చెప్పేస్తాడు. కింద మట్టి కుంగిందా, ఇటుక తడపకుండా పెట్టారా, ఇసుక ఎక్కువ కలిపారా, అన్నీ ఆయనకు తెలుసు. ఇంజనీర్లు కూడా "ఎందుకంటావు సుంకన్నా?" అని అడుగుతారు. అట్లా అడిగి అడిగే తన కొంప ముంచారని ఇప్పుడు తనే చెప్పి నవ్వుతాడు.

పోయినేడు ఎనిమిదేళ్ల కూతురు సుజాత ఒక్కరోజు జ్వరంతో పోయింది. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చూసి, "ఎందుకో మాకూ తెలియలేదు" అంది. సుంకన్నకు ఒళ్లు మండింది. గోడ పడితేనే కారణం ఉంటుందే, బంగారంలాంటి పిల్ల పోతే ఉండదా?

కారణాలు చెప్పేవాళ్లకు బెంగళూరులో కొదవా! దక్షిణం వాకిలే దోషమన్నాడు ఒక స్వామి. మన మొనగాడికి ఇంకేం కావాలి, ఉలీ సుత్తీ చేతిలోనే ఉన్నాయి. బాడిగ ఇల్లన్న సంగతే మరిచి, ఆదివారంపూట గోడ పగలగొట్టి వాకిలి తూర్పుకు తిప్పాడు. నెల తిరక్కముందే ఇంకో పెద్దమనిషి వచ్చి, ఎదురుగా కరెంటు స్తంభం ఉందే అని పెదవి విరిచాడు. అయితే ఉత్తరమే గతి!

ఇంతలో ఇంటి ఓనరు జయరామప్ప వచ్చి చూసి లబోదిబోమన్నాడు.

"ఏమప్పా సుంకన్నా, నీకు ఇల్లిచ్చినానా, ఆడుకునే బొమ్మిచ్చినానా? ఇంకొక్క తూరి సుత్తి పట్టినావంటే మీ సామాన్లు బీదిలో పడుంటాయి!"

సుంకన్న సరేనని తల ఊపాడు. జయరామప్ప కోలారు పెళ్లికి పోయిన రోజే ఉత్తరం గోడకు ఉలి ఆనించాడు. నాలుగు ఇటుకలు రాలాక తనమీద తనకే నవ్వొచ్చింది. తానుండే ఇంటికి తానే కన్నం వేస్తున్న దొంగ ఈ భూమ్మీద తనొక్కడే అయ్యుంటాడు.

అయిదో ఇటుక దగ్గర భార్య మారెమ్మ వచ్చి సుత్తి పట్టుకుంది.

"చాలయ్యా. తప్పు వాకిలిది కాదు, నాది."

సుంకన్న వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ పొద్దు పాపకు తలకు పోసినా. తడి జుట్టుతోనే ఆడుకోను పంపినా. మాపటికి జ్వరమొచ్చె. నీకు చెప్పలేక ఏడాదిగా చస్తా ఉండా."

ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని అన్నం పెట్టిన మనిషి లోపల ఇంత మోస్తోందని ఆయన కనిపెట్టనేలేదు.

"పిచ్చా ఏమన్నా నీకు? తలకు పోస్తే బిడ్డలు పోతారా యాడన్నా? అట్లయితే ఈ వర్తూరులో ఒక్క బిడ్డన్నా మిగిలుండునా? నీ తప్పేం లేదు మే!"

మారెమ్మ కళ్లు తుడుచుకుని ఆయన మొహంలోకి చూసింది.

"మరి వాకిలి ఆ పక్కనుంటే పోతారా?"

మేస్త్రీ ఉలి కింద పెట్టి, రాలిన ఇటుకల మీదే కూలబడ్డాడు.

"తెలీదు మే," అన్నాడు. "నాకు తెలీదు."

అన్నాక ఏడుపొచ్చింది. పిల్ల పోయినరోజు కూడా రాని ఏడుపు. మారెమ్మ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

పొద్దు వాలకముందే ఆమె సిమెంటు కలిపిచ్చింది, ఆయన కన్నం పూడ్చాడు. కళ్లు తుడుచుకుంటూ పూడ్చాడేమో, అతుకు ఎగుడుదిగుడుగా వచ్చింది. ఇంకెవరి పనైనా అయితే గీకి పారేసి మళ్లీ చేసేవాడే. "ఉండనీలే," అని తాపీ కడుక్కున్నాడు.