గుప్పెడు తుప్పు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వేరే పని చూసుకునే రకం. చాలా ఏళ్ళుగా అరకు దగ్గర స్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. మా ఆయన పోయాక ఆయన నాకు కలలో కూడా కనిపించలేదు. కనిపిస్తే బాగుండునని అనుకోలేదని అనను. అనుకున్నంత మాత్రాన జరగదని తెలుసు. ఇది కూడా ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు పెడుతున్నాను, అంతే.

మా ఆయన పేరు సోమన్న. సోమవారం పుట్టాడని ఆ పేరు పెట్టారు. అరకుకు ఎగువన, కాఫీ తోటల మధ్య ఉన్న చిన్న గిరిజన గ్రామం ఆయనది. నాది పార్వతీపురం వైపు మైదానం. ఆయన నేవీలో చేరి, యుద్ధ విమానాలను మోసే పెద్ద నౌకలో, బాయిలర్ గదిలో పనిచేశాడు. నీళ్ళు మరిగించి ఆ ఆవిరితో ఓడను నడిపించే చోటు అది. అక్కడే డ్యూటీలో ఉండగా గుండె ఆగి పడిపోయాడు. ఓడ అప్పుడు నడిసముద్రంలో ఉంది.

శవం ఊరికి వచ్చింది. ఘాట్ రోడ్డు మీద అంబులెన్సు వెనక జీపులో నేనూ వచ్చాను. ఊరంతా కలిసి మట్టి చేశారు. మాకు పిల్లలు లేరు. కొన్నాళ్ళకు అరకులో అద్దె గది ఖాళీ చేసి, మా అత్త దగ్గరికే వచ్చేశాను. అప్పట్నుంచీ ఇంట్లో మేమిద్దరమే.

మా అత్తవారి ఊళ్ళో పోయినవాళ్ళకు రాయి నిలబెడతారు. ఊరి బయట వాలులో ఆ రాళ్ళు వరసగా ఉంటాయి. పరాయిచోట పోయినవాళ్ళకైతే ఇంకొక పని ఉంటుంది. ప్రాణం పోయిన చోటికి ఇంటివాళ్ళు వెళ్ళి, పేరుపెట్టి పిలిచి, అక్కడి మట్టి గుప్పెడు తెచ్చి రాయి కింద వెయ్యాలి. జీపు బోల్తాపడి పోయిన ఒకాయనకు ఆ మలుపు దగ్గర్నుంచి తెచ్చారు. వైజాగ్ ఆసుపత్రిలో పోయిన ఒకావిడకు ఆసుపత్రి గేటు పక్కనుంచి తెచ్చారు. రాయి పడితేనే ఆ మనిషి ఇల్లు చేరినట్టు, పెద్దల్లో కలిసినట్టు. కొత్త పంట పండుగనాడు పెద్దల పేర్లు పిలిచి విస్తళ్ళలో అన్నం పెడతారు. పెద్దల్లో కలవనివాడికి విస్తరి వెయ్యకూడదు.

సోమన్నకు రాయి పడలేదు. నడిసముద్రంలో మట్టి ఎక్కడ దొరుకుతుంది? ఏటా సామలు కోశాక పండుగ వచ్చేది. మా అత్త విస్తళ్ళు కుట్టి ఇచ్చి దూరంగా వెళ్ళి కూర్చునేది. ఒక ఏడు మాత్రం నాతో అంది, "నా కొడుకు ఆకలితో ఉన్నాడే అమ్మీ." ఏడుస్తూ అనలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

నేను వాదించలేదు. నమ్మనూ లేదు. కానీ ఆ మాట విన్నాక పండుగనాడు నాకు అన్నం సరిగ్గా దిగేది కాదు.

కొంతకాలానికి నేవీ వాళ్ళ దగ్గర్నుంచి నాకొక ఫోను వచ్చింది. ఆ నౌకను సర్వీసు నుంచి తప్పించారు. తుక్కు కింద కొయ్యకుండా వైజాగ్ తీరాన నిలిపి మ్యూజియం చేస్తున్నారు. పై డెక్కూ, విమానాలు ఉంచే పెద్ద హాలూ జనం చూడటానికి తెరుస్తారు. కింది అంతస్తులు క్షేమం కాదు కాబట్టి దారులన్నిటికీ ఉక్కు రేకులు వేసి వెల్డింగ్ చేసేస్తారు. ఆలోగా, ఓడలో పనిచేసినవాళ్ళ కుటుంబాలు రావాలనుకుంటే వచ్చి చూడవచ్చు. ఫోను సారాంశం ఇది.

అత్త పెరట్లో పసుపు తవ్వుతోంది. వెళ్ళి చెప్పాను.

"కిందంతా మూసేత్తారా?" అంది.

"ఆ. వెల్డింగ్ చేసేస్తారంట."

గునపం కింద పెట్టింది. "అయితే బేగి పోదాం. అది మూసేత్తే ఇంక ఆడెలాగొత్తాడు?"

వైజాగ్‌లో బస్సు దిగి తీరానికి వెళ్ళాం. అత్త ఓడను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత, "ఇదేటే, మన కొండంత ఉంది. ఇంత ఇనుమెందుకు ఏసినారు, మునిగిపోదేటి?" అంది. ఎందుకు మునగదో చెప్పబోయాను. "నీ పాఠం తరవాత సెబుదువు, నడు" అంది.

మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళడానికి నాయుడు గారని ఒకాయన వచ్చారు. నావికుడిగా రిటైరై ఇప్పుడు మ్యూజియం పనులు చూస్తున్నారు. ఒకప్పుడు ఇదే ఓడలో బాయిలర్ గదిలో చేశారట. సోమన్న చేరేనాటికి వేరే ఓడకు మారిపోయారు, కాబట్టి ఆయన్ని ఎరగరు.

"పెద్దమ్మా, కిందికి నిచ్చెనలు నిటారుగా ఉంటాయి. మీరు పైన కూర్చోండి. మేడం గారు చూసొస్తారు" అన్నారాయన.

"మిరియాల కోతకి సెట్లెక్కినదాన్ని నేను. నీకు మోకాళ్ళ నొప్పులైతే సెప్పు బాబూ, దారి సూపిత్తే మేమే పోయొత్తాం."

ఆయన నవ్వారు. "నొప్పులే పెద్దమ్మా. ఈ నిచ్చెనలు ఇచ్చినవే."

హెల్మెట్లు పెట్టుకుని దిగాం. మిట్టమధ్యాహ్నం. కింద అక్కడక్కడా బల్బులు వేలాడదీశారు. కూలీలకు గాలి ఆడటానికి ఏనుగు కాలంత లావు పసుపుపచ్చ గొట్టం ఒకటి పైనుంచి బాయిలర్ గదిదాకా వేశారు. దారిలో ఇనుప తలుపులు వచ్చాయి. నీళ్ళు చొరబడకుండా బిగించే తలుపులు అవి. గడపలు మోకాలెత్తు ఉన్నాయి. తలుపు మూశాక చుట్టూ ఉన్న పిడులు ఒక్కొక్కటీ తిప్పి బిగించాలి. ఇప్పుడవన్నీ బార్లా తెరిచి గోడకు ఆనుకుని ఉన్నాయి. గాలిగొట్టం, కరెంటు వైర్లు ప్రతి గడప మీదుగానూ పోతున్నాయి. ఇది గుర్తుంచుకోమని చదివేవారిని అడుగుతున్నాను.

బాయిలర్ గదిలో అత్త, "ఏ సోట?" అని అడిగింది. సోమన్నతో పనిచేసిన కుర్రాడు అప్పట్లో నాకు చెప్పిన గుర్తు చూపించాను. రెండో బాయిలర్ ముందు, నిచ్చెన పక్కన. అక్కడ ఇనుప పలక తప్ప ఏమీ లేదు. అత్త కూర్చుని చేత్తో తడిమింది. కొంగుముడి విప్పి సామబియ్యం పోసింది. తర్వాత నాయుడు గారిని మట్టి అడిగింది.

"ఓడలో మట్టెక్కడుంటాది పెద్దమ్మా?" అన్నారాయన ఇబ్బందిగా.

తను తడిమిన అరచెయ్యి ఆయనకు చూపించింది అత్త. ఎర్రగా తుప్పు అంటి ఉంది. "ఇదేటి మరి? మా ఊరి కింద నుంచి ఎర్రమట్టి రైళ్ళు రోజూ ఇటే దిగుతున్నాయి గదా. ఆ మట్టి కరిగిత్తేనే గదా ఇనుమైంది. ముసిలిదైపోయి మల్లీ మట్టవుతోంది."

ఆయన ఆ ఎర్రటి అరచేతికేసి చూశారు. "తుప్పు కావాలంటే బస్తాలకు బస్తాలు ఇస్తాను. గీకి పారబోయడమే కదా ఇప్పుడు మా పని."

"బస్తాలెందుకు? ఆడు పడిన సోటుది గుప్పెడు సాలు."

ఆయనే వంగి గీకి ఇచ్చారు. అత్త దాన్ని గుడ్డలో కట్టింది. అప్పుడు వాళ్ళ భాషలో పిలిచింది. ఆ భాష నాకు కొద్దిగానే వచ్చు, కానీ ఆ మాటలు తెలుసు. సోమా, ఇంటికి పోదాం, లే. అంతే. పిలిచి మాతో అంది, "ఇంక ఎవులూ ఎనక్కి సూడకండి. తలుపులు మూయకండి."

నాయుడు గారు ముందు, అత్త మధ్యలో, నేను చివర. మొదటి తలుపు దాటి నాలుగడుగులు వేశాం. వెనక తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది. బరువైన తలుపు చట్రానికి తగిలిన చప్పుడు. ఆ తర్వాత పిడులు బిగించిన చప్పుడు, ఒకటి తర్వాత ఒకటి, తాపీగా. కూలీలెవరో అనుకున్నాను. రెండో తలుపు దాటాం. మళ్ళీ అదే.

ముందునుంచి నాయుడు గారు తిరక్కుండానే అన్నారు, "మేడం, తలుపులు మూయక్కర్లేదండి. వదిలెయ్యండి."

"నేను మూయడం లేదండి" అన్నాను.

ఆయన అడుగులు ఆగిపోయాయి. అత్త వెనకనుంచి ఆయన వీపు తట్టింది. "నడు బాబూ. దారిలో నిలబడిపోకు."

నడిచాం. దాటిన ప్రతి తలుపూ మా వెనక మూసుకుంటూనే వచ్చింది. నా మెడ మీద చెమట పట్టింది. కానీ నాకు కలిగింది భయమని చెప్పలేను. మా ఇంట్లో కూడా సోమన్న ఏ గదిలోకి వచ్చినా వెనక తలుపు వేసి, అరచేత్తో ఒకసారి నొక్కి చూసేవాడు. వేసవిలో కూడా అంతే. ఉక్కపోస్తోంది వదిలెయ్యమని నేను కసురుకునేదాన్ని. అది గుర్తొచ్చింది.

పై డెక్కు మీదికి వచ్చే తలుపు ఒక్కటి మాత్రం మూసుకోలేదు. ఎండలో నిలబడి ఆ చప్పుడు కోసం చూశాను. రాలేదు.

మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, నాయుడు గారు ఒక వెల్డర్‌ని వెంటబెట్టుకుని కిందికి వెళ్ళారు. వచ్చేసరికి ఆయన చేతుల నిండా తుప్పు. తలుపులన్నీ ముందులాగే తెరిచి ఉన్నాయట. గొట్టం, వైర్లు గడపల మీద అలాగే ఉన్నాయి, ఎక్కడా నలగలేదు. ఇద్దరూ కలిసి ఒక తలుపు లాగి చూశారట. కీళ్ళు పట్టేసి కదల్లేదు. కింద ఆ సమయంలో కూలీలెవరూ లేరు. అందరూ భోజనానికి పైకి వచ్చి ఉన్నారు. వాళ్ళను నేను కూడా చూశాను.

"నడిచే ఓడలో బాయిలర్ రూం మనిషి తలుపు తెరిచి వదలడు మేడం" అన్నారాయన.

నన్ను తొలిచింది వేరే మాట. అదే అడిగేశాను. "అత్తా, తలుపు మూసినవాడు ఇవతల ఉన్నాడో అవతల ఉన్నాడో ఎలా తెలుస్తుంది? రానని లోపలే వేసుకున్నాడేమో."

అత్త టీ ఊదుకుంటూ అంది, "లోపల ఏసుకునేవోడైతే ఒక్క తలుపే ఏసుకుంటాడు. ఎనకాలే ఇన్ని తలుపులెందుకు ఏత్తాడే, సదువుకున్నావు గానీ."

ఎండకు ఇనుము వ్యాకోచించి చప్పుళ్ళు చేస్తుంది. పిల్లలకు నేనే చెబుతాను. ఆ చప్పుడు టప్‌మని ఒకటి వచ్చి ఆగుతుంది. తలుపు చప్పుడు, తర్వాత వరసగా పిడుల చప్పుడు, అదీ మేం దాటాకే, ప్రతిచోటా అదే క్రమంలో ఎలా వస్తుందో తెలియదు. ఇంజనీరింగ్ చదివిన స్నేహితులను అడిగాను. ఒకరు పైపుల్లో గాలి అన్నారు. ఒకరు దుఃఖం అన్నారు. మరి నాయుడు గారు ఏ దుఃఖంతో విన్నారు?

తర్వాతి నెల రాయి నిలబెట్టాం. గుడ్డలోని తుప్పు గోతిలో పోస్తే ఊరి మట్టికీ దానికీ తేడా కనిపించలేదు. ఆ రోజు నాయుడు గారు కూడా వచ్చారు. అరకులో రైలు దిగి జీపు పట్టుకుని అంత దూరం వచ్చారు. భోజనాలకు ముందు అత్త దగ్గరికెళ్ళి నెమ్మదిగా అడిగారు.

"పెద్దమ్మా, నాకొక నేస్తం ఉండేవాడు. ఈ ఓడ తర్వాత నేను పనిచేసిన ఓడలో. నా కళ్ళ ముందే పోయాడు. ఆ ఓడని ఎప్పుడో కోసి తుక్కుకి అమ్మేశారు. ఇంక ఎక్కడికెళ్ళి పిలవాలి?"

అత్త తెలిసినట్టు నటించలేదు. "మాకూ తెల్దు బాబూ. ఓడే నేకుండా పోతే ఏటి సేత్తారో మా పెద్దోళ్ళు సెప్పనేదు." తర్వాత వాలు కింద పారే గెడ్డ వైపు చూసి అంది, "గెడ్డలోంచి నీకు మోయగలిగినంత రాయి తెచ్చుకో. మావోడి పక్కన సోటుంది."

ఆయన పంట్లాం మడిచి గెడ్డలోకి దిగి ఒక రాయి మోసుకొచ్చారు. దాన్ని నిలబెట్టి, సముద్రం ఉన్న తూర్పుకి తిరిగి, నేస్తం పేరు పెట్టి పిలిచారు. యంత్రాల హోరులో అవతలి మనిషికి వినపడాలని అరిచినట్టు పిలిచారు. ఊరివాళ్ళందరం మాటలాపి నిలబడ్డాం. చప్పుడేమీ రాలేదు. లోయలోంచి గాలి కూడా లేదు.

అత్త ఇంకొంచెం సేపు చూసి, వంగి రాళ్ళ ముందు విస్తళ్ళు వేసింది. ఒకటి కాదు, రెండు.

దెయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. ఆ మధ్యాహ్నం రెండో విస్తట్లో అన్నం వడ్డించింది మాత్రం నేనే.