శెట్టిని మధ్యలో కూర్చోబెట్టి గండికోటకు

కర్నూలు బస్టాండులో పొద్దున ఆరు గంటల బేతంచెర్ల బస్సు ఎక్కేటప్పుడు నా సంచిలో ఒక తువ్వాలు, నీళ్ళ సీసా, ఒక క్యాసెట్టు ఉన్నాయి. గండికోట చూడాలన్న కోరిక నాకు చాలా ఏళ్ళుగా ఉన్నమాట నిజమే. కానీ ఈ ప్రయాణం కోట కోసం కాదు. బనగానపల్లె ఖాదర్ నాతో మాట్లాడటం మానేసి ఏడాది దాటింది. నేనూ మానేశాననుకోండి.

కారణం చెబితే నవ్వుతారు. నవ్వండి. పాలిటెక్నిక్ హాస్టల్లో ఉన్నప్పుడు నాకూ, ఖాదర్‌కూ, బేతంచెర్ల సుబ్బయ్య శెట్టికీ ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు పిచ్చి పట్టింది. పేరు రాయను, రాస్తే రెండు వర్గాలవాళ్ళూ నా మీదికొస్తారు. అందులో మొదట పాడినాయన మధ్యలో వెళ్ళిపోతే ఇంకొకాయన వచ్చాడు. వచ్చి ఎన్నేళ్ళయినా మాకు ఆయన 'కొత్తాయనే'. పెద్దాయనది బావిలోంచి వచ్చినట్టుండే లావు గొంతు. కొత్తాయనది తారస్థాయిలో కేక పెట్టే సన్న గొంతు. పెద్దాయన కాలమే కాలమని నేను. కొత్తాయన వచ్చాకే ఆ బ్యాండుకు ప్రాణం వచ్చిందని ఖాదర్. రెండూ మంచివేనని శెట్టి. అభిమానుల్లో ఇంతకంటే పనికిమాలిన మాట లేదు.

పెద్దాయన పాడిన ఒక పాటను తర్వాత కొత్తాయనతో మళ్ళీ పాడించారు. ఏది మేలన్న గొడవ శెట్టి గృహప్రవేశం రోజు, పంక్తిలో పప్పు వడ్డిస్తుండగా మొదలైంది. పాయసం వచ్చేసరికి ఇద్దరం చెరో దిక్కుకు లేచిపోయాం. అంతకుముందు ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్లో పోట్లాడుకునేవాళ్ళం. అదీ పోయింది. ఆదివారం వస్తే నాకు అన్నం సయించేది కాదు. అయినా ముందు నేనెందుకు మాట్లాడాలి?

చివరికి శెట్టికే విసుగొచ్చి ఫోను చేశాడు. "మద్దిలేటీ, మీ తగాదా గండికోట లోయకాడ తేలుస్తా. ఆ పాట రెండు గొంతుల్లోనూ వినిపిస్తా, ఏది ఎవరిదో చెప్పను. మేలు ఏదో మీరే తేల్చండి. ఓడినోడు ముందు మాట్లాడల్ల. అప్పటికీ మాట్లాడకపోతే ఇంక నేను గూడా మీ ఇద్దరితో మాట్లాడేది లేదప్పా." శెట్టి అన్నంత పనీ చేసే మనిషి.

ఎనిమిదికి బేతంచెర్లలో దిగాను. శెట్టికి అక్కడ నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఊరంతా బండల లారీలే, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిపొడి. స్టేషను దగ్గర హోటల్లో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఈ దోవన వచ్చేవాళ్ళు ఆ బజ్జీ తినకుండా పోవద్దు. శెట్టి టేప్‌రికార్డర్‌ను పసిబిడ్డను చుట్టినట్టు దుప్పట్లో చుట్టుకొచ్చాడు.

బనగానపల్లెలో జమ్మలమడుగు బస్సు పట్టుకున్నాం. ఖాదర్ అక్కడ టైలరు. పెద్ద క్యారియరు చేతపట్టుకుని ఎక్కాడు. నన్ను చూసి కండక్టరును చూసినట్టు చూశాడు. ముగ్గురు కూర్చునే సీట్లో శెట్టి మధ్యలో కూర్చున్నాడు.

"శెట్టీ, ఆ కిటికీ ముయ్యమని చెప్పు వానికి. దుమ్ము కొడతాండాది" అన్నాడు ఖాదర్.

"మూస్తే గాలాడదని చెప్పు వానికి" అన్నాను నేను.

"ఇద్దరూ వినుకున్న్యారు కదా, ఇంక నేను చెప్పేదేముండాది?" అన్నాడు శెట్టి.

కోయిలకుంట్ల దాకా ఇదే వరస. ముందు సీట్లో గంపతో కూర్చున్న ఒక అవ్వ వెనక్కి తిరిగింది. "ఏమప్పా, అన్నదమ్ములా? చేను తగాదానా?"

"కాదవ్వా, పాట తగాదా" అన్నాడు శెట్టి.

"చేనికైతే అర్థముండాది. పాటకేంటికి నాయనా తగాదా? ఆ డబ్బాలో ఏదన్నా మంచిది పెట్టు, విందాం."

శెట్టి దగ్గర భజన పాటల క్యాసెట్టు ఎప్పుడూ ఉంటుంది. పెట్టాడు. రెండు వైపులా అయ్యాక మళ్ళీ పెట్టమన్నారు. జమ్మలమడుగు వచ్చేదాకా బస్సంతా చప్పట్లే. నేనూ ఖాదరూ కూడా కొట్టాం, ఒకరినొకరు చూసుకోకుండా.

జమ్మలమడుగు నుంచి కోటకు ఆటోలో పోయాం. పన్నెండు దాటింది, ఎండ మండుతోంది. కోటలో పెద్ద మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, కొంచెం అవతల గుడి. మసీదు నీడలో ఖాదర్ క్యారియరు విప్పాడు. శెట్టికి మాంసం తగలని బగారా అన్నం. కింది గిన్నెలో ఖీమా. ఖీమా అంటే నాకు ప్రాణమని ఖాదర్ భార్యకు తెలుసు. పాపం, ఆ వదినకు నాతో తగాదా లేదు.

"శెట్టీ, వాని గిన్నె వానికియ్యి" అన్నాడు ఖాదర్, గోడ వైపు చూస్తూ. గిన్నె ఊడ్చి తిని కూడా, కారం ఎక్కువైందని శెట్టితో చెప్పించాను.

తర్వాత లోయ అంచుకు వెళ్ళాం. ఎర్రబండలను ఎవరో పేర్చి మధ్యలో చీల్చినట్టుంది. ఎక్కడో అడుగున పెన్నమ్మ సన్నటి ఏటిపాయలా పోతోంది. ఎవరి క్యాసెట్టు వాళ్ళం శెట్టికిచ్చి ఇద్దరం కళ్ళు మూసుకున్నాం. శెట్టి మీట నొక్కాడు.

గిటారు బరువుగా, నిదానంగా మొదలైంది. తర్వాత గొంతు. ఎంత లావు గొంతు! అవతలి బండలను తాకి రెండింతలై తిరిగొచ్చింది. నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా వింటున్నా పెద్దాయన ఇంత గంభీరంగా ఎప్పుడూ వినిపించలేదు.

పక్కనుంచి ఖాదర్ మాట మెల్లగా వినపడింది. "శెట్టీ, చెప్పు వానికి. వాని పెద్దాయన శానా బాగా పాడతాండాడని. ఇన్ని దినాలు నేనే సరిగ్గా వినలేదేమో."

ఇంక నేను ఆగలేకపోయాను. లేచి ఖాదర్ భుజం పట్టుకుని ఊపేశాను. "విన్న్యావా ఖాదరూ! నేను చెప్తానే ఉంటి కదరా, గొంతంటే ఇదీ అని!"

అన్నాక తెలిసింది, ముందు మాట్లాడింది నేనేనని. ఖాదర్ నన్నే చూస్తున్నాడు. ఇంతలో గొంతు ఇంకా లావైంది, దున్నపోతు మూలిగినట్టు మూలిగి ఆగిపోయింది. ఖాదర్ మూత తీసి క్యాసెట్టు బయటికి లాగాడు. దాని మీద కుట్టుమిషన్ బొమ్మ. అది ఖాదర్‌ది. పాడింది కొత్తాయన!

"బ్యాటరీలు అయిపోయినట్టుండాయప్పా" అన్నాడు శెట్టి తల గోక్కుంటూ. "టేపు నిదానంగా తిరిగేకొద్దీ గొంతు లావైనట్టుండాది. భజనలకే అంతా పాయె."

ముగ్గురం ఆ బండల మీద పడీపడీ నవ్వాం. మా నవ్వు లోయలో తిరిగి మళ్ళీ మాకే వినిపిస్తుంటే ఇంకా నవ్వొచ్చింది.

జమ్మలమడుగులో నాలుగున్నరకు కర్నూలు బస్సు దొరికింది. శెట్టి కిటికీ పక్కకు జరిగి, దుప్పటి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఎవరు ఓడారన్నది మొదలుపెట్టాం. "నువ్వు లేచి ఎగిరింది మా కొత్తాయన పాటకే కదప్పా!" అని ఖాదర్. "నువ్వు చేతులెత్తేసినాకే కదా నేను లేచింది!" అని నేను. కండక్టరు రెండుసార్లు వచ్చి మెల్లగా మాట్లాడమన్నాడు. బనగానపల్లె వచ్చేసరికి చీకటి పడుతోంది. ఏదో మాటకు ఉక్రోషం వచ్చి ఖాదర్ పోతున్నానని కూడా చెప్పకుండా దిగిపోయాడు.

నేను శెట్టి మీదుగా కిటికీలోంచి తొంగిచూశాను. శెట్టి లేచి, "మళ్ళీ మొదటికొచ్చినారా?" అన్నాడు.

బస్సు కదులుతుంటే ఎవరో రేకు మీద దబదబా కొట్టారు. కిటికీ కింద ఖాదర్ పరిగెడుతున్నాడు. "మద్దిలేటీ! ఇంకా అయిపోలేదప్పా! ఆదివారం ఫోను చేస్తా, ఇంట్లోనే ఉండు!"

గండికోట చూడదగ్గ చోటు, ఒకటికి రెండుసార్లు చూడవచ్చు. పైన మంచినీళ్ళు దొరకవు, జమ్మలమడుగులోనే నింపుకోండి. మాటలు మానేసిన స్నేహితుడెవరైనా ఉంటే వెంటబెట్టుకుపోండి. టేప్‌రికార్డర్‌లో మాత్రం పాత బ్యాటరీలే వేసుకోండి.