గోదాములో బుట్ట ఎక్కిన రోజు

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఒక గోదాము మేనేజరు నాకు ఫోన్ చేశాడు. ఆయన కూతురు వనపర్తిలో మా బడిలోనే, నా దగ్గరే హిందీ చదువుతుంది. పెబ్బేరు దాటాక గద్వాల వైపు వెళ్లే దారిలో కొత్తగా కట్టిన విత్తనాల గోదాము అది. ఎత్తుగా ఉన్న కప్పు కింద లైట్లు మార్చడానికి, బూజు దులపడానికి బూమ్ లిఫ్ట్ తెప్పించారట. దాన్ని ప్రమాదం లేకుండా వాడటం నేర్పడానికి వస్తున్న ట్రైనరుకు తెలుగు రాదు. పనివాళ్లకు హిందీ రాదు.

"ఒక్కరోజు వచ్చి మధ్యల నిలబడి చెప్పున్రి మేడం" అన్నాడు.

నేను హిందీ టీచర్ని, ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఇందులో కష్టమేముంది అనుకుని వెళ్లాను.

ట్రైనరు నడివయసు మనిషి, సన్నగా ఉన్నాడు, చాలా మర్యాదస్తుడు. కానీ ఆయన నోరు విప్పగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ హిందీలో సగం యంత్రాల పేర్లే. నేను బడిలో చెప్పే పాఠాల్లో రాజులుంటారు, నదులుంటాయి, మీటలుండవు. పైగా ఆయన పనివాళ్లకు ఎదురుగా నిలబడి "ఎడమవైపు మీట" అంటాడు. ఎవరి ఎడమ? ఆయన చెయ్యి ఎటు చూపిస్తే నేనూ అటే చూపించి "ఇగో, ఇది" అని సరిపెట్టాను.

బూమ్ లిఫ్ట్ అంటే చక్రాల బండి మీద పొడుగాటి ఇనుప చెయ్యి, దాని చివర మనుషులు నిలబడే బుట్ట. అందులో కాలితో పెడల్ తొక్కి ఉంచితేనే యంత్రం కదులుతుంది. బుట్ట ఎక్కేవాళ్లు ఒంటికి బెల్టు వేసుకుని, దాని కొక్కేన్ని బుట్టలోని కడ్డీకి తగిలించాలి. అది చెప్పగానే బల్మూరు నుంచి వచ్చి అక్కడ బూజు దులిపే పని చేసే ఒకామె లేచింది.

"టీచరమ్మా, బండి పడితె ఎట్ల? దునుకనీకి గూడ లేకుండ దానికే కట్టుకుంటరా?"

అడిగింది ఆమే అయినా ఆ అనుమానం నాకూ ఉంది. హిందీలో అడిగాను. ట్రైనరు ఓపిగ్గా చెప్పాడు. బండి ఒరగకుండా నేల చూసుకుని నిలపడం వేరే పాఠమట. ఈ బెల్టు బుట్ట కుదిపినప్పుడు మనిషి బయటికి ఎగిరిపోకుండా ఆపడానికట. తెలుగులో చెప్పాను. ఆమె తలూపింది గానీ ముఖంలో నమ్మకం కనబడలేదు. నాకూ మనసు పూర్తిగా కుదుటపడలేదు.

భోజనాలయ్యాక ట్రైనరు బూజు దులిపే ఆమెను బుట్ట ఎక్కమన్నాడు. పైన కూడా మాట చెప్పేవాళ్లు కావాలి కాబట్టి నన్నూ రమ్మన్నాడు. ఉప్పునుంతల నుంచి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరును కింద యంత్రం పక్కన నిలబెట్టాడు. పైన ఎవరికైనా ఏమైనా అయితే బుట్టను దించడానికి అక్కడ ఇంకో వరుస మీటలుంటాయి.

ముగ్గురం కొక్కేలు తగిలించుకున్నాక ట్రైనరే పెడల్ తొక్కి బుట్టను లేపాడు. పైకి పోయేకొద్దీ రేకుల కప్పు వేడి నెత్తిమీద కుంపటి పెట్టినట్టుంది. ట్రైనరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. ముందుకు వంగాడు. కాలు పెడల్ మీంచి జారింది, బుట్ట టక్కున ఆగింది. ఆయన మోకాళ్ల మీద కూలి, బెల్టుకు వేలాడుతూ కడ్డీకి ఆనుకుపోయాడు.

"సార్! సార్!" అని పిలిచాను. పలకలేదు.

"నాటకమేమో టీచరమ్మా! నేర్పనీకి గిట్ల చేస్తుండేమో!" అంది ఆమె. అంటూనే ఆయన చెంపలు తట్టింది. "అయ్యో, ముకమంత చెమటలు" అని ఏడ్వసాగింది.

నాటకమో నిజమో నాకేం తెలుసు? ఆయన ముందుగా ఏమీ చెప్పలేదు. లేక నాకు అర్థం కాని హిందీలో చెప్పాడా? కింద మేనేజరు నవ్వుతూ చూస్తున్నాడు. నేను మాత్రం అరిచాను, "దించు! దించు!"

"మీటలు పని చేస్తలేవు!" డ్రైవరు అరిచాడు.

కింది మీటలు పని చేయాలంటే ముందు అక్కడ తాళంచెవిని బుట్ట బొమ్మ నుంచి బండి బొమ్మ వైపుకు తిప్పాలి. పొద్దున ట్రైనరు చెప్పినప్పుడు "కిందికి తిప్పాలి" అని నేనే తెలుగు చేశాను. కింది మీటల వైపుకు అని నా ఉద్దేశం. అతను తాళంచెవిని నేలవైపుకు వంచాలని ఒకటే తంటాలు పడుతున్నాడు. "పక్కకు! బండి బొమ్మ ఉన్న దిక్కు!" అని కేకేశాను. తాళంచెవి తిరిగింది. బుట్ట ఊగుతూ దిగింది.

నేల తగిలేసరికి ట్రైనరు కళ్లు తెరిచాడు. కాసేపు మమ్మల్ని ఎవరో అన్నట్టు చూశాడు. తర్వాత నెమ్మదిగా లేచి చప్పట్లు కొట్టాడు. "శభాష్! ప్రమాదం వస్తే ఇలాగే దించాలి" అన్నాడు.

మేనేజరూ చప్పట్లు కొట్టాడు. డ్రైవరు మాత్రం మండిపడ్డాడు. "మనుషుల పానం తీస్తరా సారు? గిట్ల భయపెడ్తరా ఎవరన్న? అడుగున్రి మేడం!"

ఆ కోపాన్ని ఏ హిందీలో చెప్పాలో నాకు తెలియలేదు. "ఆయన బాగా కంగారుపడ్డారు" అన్నాను. ట్రైనరు డ్రైవరుకు చేతులు జోడించాడు. నీళ్ల గ్లాసు అందుకుని సగం తాగి, మిగతా సగం నెత్తిమీద పోసుకున్నాడు. పాఠం అక్కడితో ఆపలేదు. ఆయన నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, కింది మీటలతో ఖాళీ బుట్టను దించడం అందరిచేతా మళ్లీ మళ్లీ చేయించాడు. ఈసారి తాళంచెవి దగ్గర నేనే నిలబడి చూపించాను.

సాయంత్రం ట్రైనరు మెడికల్ షాపు ఎక్కడుందని అడిగితే నా స్కూటీ మీద పెబ్బేరుకు తీసుకుపోయాను. మాత్రలు కొనుక్కున్నాడు. దేనికో చెప్పలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఉండబట్టలేక అడిగేశాను, "సార్, నిజంగా కళ్లు తిరిగాయా?"

"ట్రైనింగులో అన్నీ నేర్పాలి కదా మేడమ్" అని బస్సు వచ్చే వైపు చూశాడు.

ఇంట్లో చెబితే మా ఆయన నాటకమేనన్నాడు. మా అత్తమ్మ వడదెబ్బే అంది. ఒకరు చెప్పినప్పుడు అదే నిజమనిపించింది, ఇంకొకరు చెప్పినప్పుడు ఇదీ నిజమనిపించింది.

కొన్నాళ్లకు బూజు దులిపే ఆమె ఫోన్ చేసింది. రోజూ బుట్ట ఎక్కుతున్నానని, కొక్కెం తగిలించనిదే పెడల్ మీద కాలు పెట్టనని చెప్పింది. ఆఖరున అడిగింది, "ఆ సారు పానం మంచిగున్నదా టీచరమ్మా?"

"మంచిగున్నది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయన నంబరు కూడా నా దగ్గర లేదు.